పదహారోవాడు

ఆర్లన్ ప్రూయిట్ షవర్ కింద నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు.

మొదటి బంతి భుజాలకంటే ఎత్తుగా వచ్చింది, బాల్. రెండోదానికి బ్యాటర్ ఊపాడు, తగల్లేదు, స్ట్రైక్. మూడోది నేలలో పాతిన ప్లేటు ముందు మట్టిలో పడి ఎగిరింది, బాల్. నాలుగోది బయటి అంచు మీదుగా చక్కగా వచ్చింది, బ్యాటర్ కదలకుండా చూస్తూ ఉండిపోయాడు, స్ట్రైక్. అప్పుడే కదా తను కుడిచెయ్యి వెనక్కి లాగి, పిడికిలి బిగించి, అవుట్ అని అరిచింది.

మళ్ళీ మొదట్నుంచి వచ్చాడు. బాల్, స్ట్రైక్, బాల్, స్ట్రైక్. స్ట్రైకుల చేతికి రెండే వేళ్ళు మడుచుకున్నాయి. సబ్బు నురుగు కంట్లోకి దిగి మండుతోంది, తుడుచుకోలేదు. మధ్యలో బ్యాటు అంచుకి తగిలి వెనక్కిపోయి, స్ట్రైకుగా లెక్కకొచ్చే బంతి ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాడు. ఆట అయ్యాక ప్రతి బంతినీ వెనక్కి తిప్పి చూసుకోవడం తొమ్మిదేళ్ళ అలవాటు, ఒక్కటీ జారిపోదు. ఇప్పుడూ ఏదీ జారిపోలేదు. ఆ బ్యాటర్‌ని తను రెండు స్ట్రైకులకే పంపించేశాడు.

బేస్‌బాల్‌లో మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ దిగిపోవాలి, గురి తప్పిన బంతులు, అంటే బాల్స్, నాలుగు పడితే నడుచుకుంటూ మొదటి బేస్‌కి పోవాలి. బెల్‌ఫోర్డ్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాడు ఎవడైనా ఉంటే వాడింకా ఉయ్యాల్లో ఉండి ఉంటాడు. లెక్క తప్పకుండా అంపైర్ ఎడమ అరచేతిలో చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. దానికి చక్రాలు. బాల్స్‌కి ఒకటి, స్ట్రైకులకి ఒకటి, అవుట్లకి ఒకటి. బొటనవేలితో తిప్పుకుంటూ పోవడమే, అంతకంటే విద్యేమీ లేదు. ఆ మూడో బంతికి మట్టి అంటిందని ప్లేటు వెనక బంతి పట్టే క్యాచర్ కొత్త బంతి అడిగాడు. నడుముకున్న సంచిలోంచి కుడిచేత్తో బంతి తీసి ఇస్తుంటే, ఎడమ బొటనవేలు బాల్స్ చక్రం వదిలేసి స్ట్రైకుల చక్రం తిప్పింది. తను బిళ్ళ చూసి వేళ్ళు చూపించాడు. తన వేళ్ళు చూసి బోర్డువాడు అంకెలు మార్చాడు. అంకెలు చూసి మూడువేల మంది లేచి నిలబడ్డారు. తప్పు అంత శుభ్రంగా మెట్లెక్కింది.

వేరే రోజైతే, వేరే ఇన్నింగ్స్ అయితే, పోనీలే అనుకునేవాడేమో. ఇది ఆదివారం మధ్యాహ్నం ఆట, ఆఖరి ఇన్నింగ్స్, ఆఖరి బ్యాటర్. మా లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి ఆటలోనే బంతి విసిరే పిచర్ ఒకడు పదిహేనుమందిని మూడేసి స్ట్రైకులతో స్ట్రైకౌట్ చేశాడు, 1949లో. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ అంకెని ఎవడూ దాటలేదు. ఇవాళ బెల్‌ఫోర్డ్ తరఫున బంతి విసరడానికి మొదటిసారి మౌండ్ ఎక్కిన పందొమ్మిదేళ్ళ కోయ్ హెల్టన్ పదిహేనుమందిని అలాగే ఇంటికి పంపించి, పదహారోవాడి కోసం చూశాడు. ఆ పదహారోవాణ్ణి కోయ్ అవుట్ చెయ్యలేదు, ఆర్లన్ చేశాడు.

"ఏం గురూ, లోపలే నిద్రపోయావా?" తలుపు అవతల నుంచి డెనీ బ్రూసార్ కేకేశాడు. మా లీగ్‌లో అంపైర్లు ఇద్దరిద్దరే. ఒక కారు, ఒక మోటెల్ గది, ఒకరోజు ఒకడు ప్లేటు వెనక నిలబడితే రెండోవాడు బేసుల దగ్గర. ఏప్రిల్ నుంచి డెనీ ముఖమే చూస్తున్నాడు ఆర్లన్. "బయట నీ గురించి కూడా మాట్లాడుకుంటున్నారు. ఆ ఆఖరి కేక ఉంది చూడు, రేడియోవాడు దాన్నే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు. ఎల్లుండి హాలక్ వస్తున్నాడు కదా. ఇక నీకు పై లీగ్ ఖాయం."

ఆర్లన్ తువ్వాలు ముఖానికి అడ్డంపెట్టుకుని చాలాసేపు తుడుచుకున్నాడు.

హాలక్ అంటే అంపైర్ల మీద అంపైరు. ఊరూరూ తిరిగి, గడ్డి టోపీ పెట్టుకుని ప్లేటు వెనక జనంలో కూర్చుని, ఎవణ్ణి పైకి పంపాలో ఎవణ్ణి ఇంటికి పంపాలో నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఆర్లన్‌కి ముప్ఫైమూడు. ఈ మెట్టు మీద తొమ్మిదేళ్ళు ఉన్నవాడు ఇంకెవడూ లేడు. ఈ ఆగస్టులో పైకి పోకపోతే, వచ్చే ఏప్రిల్‌లో ఫోన్ మోగదు. ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

డెనీతో చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి వాడు బూట్లకి పాలిష్ వేస్తున్నాడు. రెండోసారి పాలిష్ వెయ్యడం అయిపోయింది. రెండుసార్లూ ఆర్లన్ ఆకలేస్తోంది అని మాత్రం అన్నాడు.

సోమవారం పొద్దున పది గంటలకి బట్టలు ఉతుక్కోవడానికి లాండ్రీకి వెళ్ళాడు. నది ఒడ్డున రైలు పట్టాల పక్కన, వరసగా పన్నెండు మిషన్లు. లోపల ఒక్కడే మనిషి, బల్ల మీద బట్టలు మడతపెడుతున్నాడు. వీపు చూసే ఆర్లన్ గుర్తుపట్టాడు. బయటి జట్టు హార్మన్ వాళ్ళ మూడో బేస్ ఆటగాడు ఎలిజియో పావ్లినో. డొమినికన్, పాతికేళ్ళుంటాయి. నిన్నటి పదహారోవాడు.

వెనక్కి తిరిగి పోదామనుకున్నాడు. మైదానం బయట ఆటగాళ్ళతో మాట్లాడకూడదని అంపైర్లకి రూలుంది. ఆ క్షణాన ఆ రూలు ఎంత బాగుందో అనిపించింది. కానీ తలుపు గంట మోగేసింది, ఎలిజియో తల తిప్పాడు.

"రా బ్లూ," అన్నాడు. అంపైర్ల చొక్కా రంగుని బట్టి ఆటగాళ్ళు అందరినీ అలాగే పిలుస్తారు, పేర్లతో పనిలేదు. "ఆ చివరి మిషన్‌లో వెయ్యకు. బొత్తాలు తినేస్తుంది."

ఆర్లన్ నీలం చొక్కాలు మిషన్‌లో వేసి, పొడి పోసి, మూత వేశాడు. ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎలిజియో ఎడమ దవడ కింద, చెవి నుంచి గడ్డం దాకా, కొత్త చర్మం ఇంకా గులాబీరంగులో ఉంది.

"నిన్న," అన్నాడు ఆర్లన్. "ఆఖర్న. నేను లెక్క తప్పాను. నీకు పడింది రెండే."

ఎలిజియో సాక్సులు జతకలుపుతున్నాడు. ఒకదానికి జత దొరకలేదు. బుట్ట అడుగుదాకా వెతికాడు.

"తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"బ్యాటు పట్టుకుని నిలబడ్డవాడికి తన లెక్క తెలీకుండా ఉంటుందా? నువ్వు వేళ్ళు చూపించినప్పుడే అనుకున్నా, ఇదేంటి, ఈయన ఒకటి ఎక్కువ చూపిస్తున్నాడు అని. వాళ్ళ క్యాచర్ గార్వీ ముసుగులోంచి నన్ను చూశాడు. నేను వాణ్ణి చూశాను. ఇద్దరం నోరు మూసుకున్నాం. వాళ్ళ డగౌట్‌లో బెంచీ మీద కూర్చుని ప్రతి బంతికీ గీత గీసేవాడు ఒకడుంటాడుగా, వాడికీ తెలుసు. వాడికి తెలిస్తే అందరికీ తెలిసినట్టే."

ఆర్లన్‌కి చెవులు వేడెక్కాయి. నిన్న సాయంత్రం నుంచి ఏదో పెద్ద రహస్యం కడుపులో పెట్టుకుని మోస్తున్నాననుకున్నాడు. ప్లేటు చుట్టూ ఉన్నవాళ్ళందరికీ అది తెలుసు. తెలియనివాడు ఒక్కడే, లెక్కపెట్టడానికి జీతం తీసుకునేవాడు.

"మరి నువ్వు నోరెత్తలేదేం?"

ఎలిజియో జత లేని సాక్సుని బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు తీశాడు. "జూన్‌లో బంతి ఈ దవడకి తగిలింది. మూడు వారాలు గొట్టంతో సూప్ తాగాను. డాక్టరు చూసి నయమైపోయింది అన్నాడు. ఎముక నయమైంది." తలెత్తకుండానే నవ్వాడు. "ఆ కుర్రాడి బంతి చూశావుగా. నిన్న నాలుగోసారి బ్యాటింగ్‌కి వెళుతుంటే అది మళ్ళీ ఇక్కడికే వస్తుందనిపించింది. నువ్వు అవుట్ అన్నావు చూడు, అప్పుడు నేనేమనుకున్నానో చెప్పనా? అమ్మయ్య అనుకున్నాను. ఇంకో బంతి చూడక్కర్లేదు అనుకున్నాను. రెండడుగులు వేశాక సిగ్గేసింది. అందుకే వెనక్కి తిరిగాను. చెబుదామనే తిరిగాను బ్లూ. నోరు రాలేదు."

ఆ తిరగడం ఆర్లన్‌కి గుర్తుంది. ఒక్క క్షణం. తను అప్పటికే ముసుగు తీసి, జనం వైపు చూస్తున్నాడు.

"నేను లీగ్‌కి ఉత్తరం రాస్తాను," అన్నాడు. "తప్పు నాదే అని."

"రాయకు."

"నీమీద నాలుగో స్ట్రైకౌట్ ఉండకూడదు కదా."

"నాలుగైతే ఏంటి, నలభై అయితే ఏంటి." ఎలిజియో గొంతు పెంచలేదు. "నువ్వు రాస్తావు. వాళ్ళు ముందు అడిగేదేంటి? బ్యాటర్ ఏం చేశాడు అని. లెక్క తెలిసీ నోరు మూసుకుని ఎందుకు పోయాడు అని. అప్పుడేం చెబుతావు? దెబ్బ తిన్నవాణ్ణి ఎవరైనా తీసుకుంటారు. భయపడ్డవాణ్ణి ఎవరూ తీసుకోరు. మా మేనేజర్ బర్డెట్ నిన్నట్నుంచి నన్ను ఒక్క మాట అడగలేదు. తిట్టలేదు కూడా. బుధవారం నాకు విమానం టికెట్ ఇచ్చి ఇంటికి పంపేస్తాడని మావాళ్ళు గుసగుసలాడుతున్నారు. ఆయన అనుమానం అనుమానంగా ఉంటే ఇంకో ఊళ్ళో ఇంకో జట్టుని అడుక్కుంటాను. నువ్వు దాన్ని కాగితం మీద పెడితే ఆ దారీ పోతుంది." బట్టలు బుట్టలోకి సర్దేశాడు. "నీ బరువు దింపుకుని నా నెత్తిన పెట్టకు."

వెళ్ళిపోయాడు. జత లేని సాక్సు బల్ల మీదే ఉంది. ఆర్లన్ దాన్ని తీసుకుని తలుపుదాకా పరిగెత్తి, ఏమని పిలవాలో తెలీక ఆగిపోయాడు. వాళ్ళు తనని బ్లూ అంటారు. వాళ్ళని తను ఏమీ అనడు.

ఆ సాయంత్రం ఆటలో డెనీది ప్లేటు, ఆర్లన్‌ది బేసులు. హార్మన్ జట్టు పట్టికలో పావ్లినో పేరు లేదు. మూడో బేస్‌లో ఇంకెవడో ఉన్నాడు.

రెండో ఇన్నింగ్స్‌లో ఆర్లన్ మొదటి బేస్ దగ్గరికి నడుస్తుంటే బెల్‌ఫోర్డ్ డగౌట్‌లోంచి ఎవడో, "బ్లూ, ఒకటి తర్వాత ఎంత?" అన్నాడు. ఇంకొకడు, "మూడేగా, ఈయన బళ్ళో అంతే," అన్నాడు. బెంచీ అంతా కిసుక్కుమంది. ఇంకో రోజైతే ఆర్లన్ డగౌట్ దాకా వెళ్ళి ఇద్దర్ని బయటికి పంపేవాడు. ఇవాళ విననట్టు ముందుకు పోయాడు. వాళ్ళది కోపపు ఎగతాళి కూడా కాదు. ముద్దు చేస్తున్నారు, ఇంట్లోవాణ్ణి ఆటపట్టించినట్టు. అదే తలకొట్టేసినట్టయింది.

కారెక్కాక డెనీ తాళం తిప్పకుండా కూర్చున్నాడు. "వాళ్ళేదో అంటున్నారు. నిజమేనా?"

"నిజమే."

"నాకూ ఏదో తేడాగా అనిపించింది గురూ. కానీ నువ్వంత గట్టిగా అరిచావు. నేనూ నా బిళ్ళ చూసుకోలేదు, జనాన్ని చూస్తూ నిలబడ్డాను." కాసేపు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేశాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆట అయిపోయింది. ఆ కుర్రాడు సంతోషంగా ఉన్నాడు. నువ్వు పైకి పోతున్నావు. ఎవరికి నష్టం?"

 ఎవరికో ఆర్లన్‌కి పేరుతో సహా తెలుసు.

మంగళవారం ఆట మధ్యాహ్నం పన్నెండుకి. బయటి జట్టు ఆ సాయంత్రమే బస్సెక్కాలి.

పదింటికే అంపైర్ల గదిలో అయిదు డజన్ల కొత్త బంతులు డబ్బాల్లోంచి తీసి, మెరుపు పోయేలా రుద్దడానికి కూర్చున్నారు. డబ్బాలో నది మట్టి ఉంటుంది, నల్లగా, వెన్నంత మెత్తగా. వేలితో కాస్త తీసి, అరచేతిలో ఉమ్మి తడిపి, బంతిని రెండు చేతుల మధ్య తిప్పుతూ, కుట్ల సందుల్లోకి పోకుండా చూసుకోవాలి. మరీ ఎక్కువైతే పిచర్ తిడతాడు, తక్కువైతే బంతి జారుతుంది. ఆర్లన్ ఈ పనిని ఎవరికీ వదిలేవాడు కాదు. ఇవాళ ఒకే బంతిని తిప్పుతూ తిప్పుతూ ఉండిపోతే డెనీ చేతిలోంచి లాక్కున్నాడు. "చాల్లే, బంగాళాదుంపలా తయారైంది."

పావుతక్కువ పన్నెండుకి క్లబ్ మేనేజరుగారు వచ్చి, ఆట మొదలయ్యే ముందు చిన్న వేడుక ఉందనీ, ఆర్లన్ కూడా ప్లేటు దగ్గర నిలబడాలనీ చెప్పారు.

"నేనెందుకండీ?"

"ఆ పిలుపు నీదే కదయ్యా. నిన్ను వదిలేసి ఫోటో ఎలా?"

గడ్డి టోపీ అప్పటికే ప్లేటు వెనక మూడో వరసలో కూర్చుని ఉంది. మైకులో కోయ్ హెల్టన్ పేరు చదివారు, జనం లేచారు. చెక్క పీట మీద గాజుపెట్టె, అందులో ఆదివారం నాటి ఆఖరి బంతి, కింద ఇత్తడి రేకు మీద 16 అని చెక్కించారు. రెండు రోజుల్లో అంత అందంగా ఎలా చెక్కించారో. కోయ్ పొడుగ్గా, మెడ వంచి, అద్దెకు తెచ్చిన చొక్కాలో ఉన్నట్టు నిలబడ్డాడు. పెట్టెకి ఒక కొస వాడు, ఒక కొస ఆర్లన్ పట్టుకోవాలన్నాడు ఫోటోగ్రాఫరు.

"సార్," అన్నాడు కోయ్ పెదవులు కదపకుండా. "ఒక మాట అడగొచ్చా?"

"అడుగు."

"మా అమ్మ రేడియో వింటూ స్కోరు రాస్తుంది. చిన్నప్పట్నుంచీ నా ఆటలన్నీ రాసింది. ఆ ఆఖరివాడికి రెండే వచ్చాయంటోంది. రేడియోలో జనం గోలలో నీకొకటి వినిపించలేదమ్మా, మూడే అని చెప్పాను." గాజుపెట్టెని ఇంకో చేత్తో సర్దుకున్నాడు. "మూడే కదా సార్?"

వాడు అడుగుతున్నది తెలియక కాదు. తెలిసే అడుగుతున్నాడు. అవునని పెద్దవాడొకడు అంటే, ఇంక జీవితాంతం దాన్ని పట్టుకుని ఉండొచ్చని అడుగుతున్నాడు. వాడు పదిహేనుమందిని న్యాయంగా పడగొట్టాడు. ఆ పదిహేను చాలు ఎవడికైనా. పదహారోది పెట్టి ఆర్లన్ ఆ పదిహేనింటినీ పాడుచేశాడు.

"నవ్వు బాబూ," అన్నాడు ఆర్లన్. "ఫోటో తీస్తున్నారు."

ఇద్దరూ నవ్వారు. అంతకంటే హీనమైన పని తను ఈ మైదానంలో చెయ్యలేదనుకున్నాడు. గంటన్నర తిరక్కముందే చేశాడు.

ఆరో ఇన్నింగ్స్. హార్మన్ బ్యాటింగ్, రెండు అవుట్లు, బేసుల మీద ఇద్దరు. బ్యాటర్‌కి మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. గార్వీ ప్లేటు వెనక గొంతుక్కూర్చుని, ముసుగులోంచి మెల్లగా అన్నాడు. "బ్లూ, ఇవాళ అంచు మీద బంతులకి స్ట్రైక్ ఇవ్వకుండా బిగించేశావేం? ఆదివారం మాకు చుట్టానివి కదా." అని, వెనక మూడో వరస వైపు గడ్డం విసిరాడు. "పెద్దాయన కూడా వచ్చాడు. మొన్నటి సంగతి గట్టిగా మాట్లాడుకోవడం బాగుండదు."

బంతి వచ్చింది. బయట, అంచుకి బంతి మందం దూరంలో. బాల్, సందేహం లేదు. బ్యాటర్ అప్పుడే బ్యాటు పడేసి మొదటి బేస్ వైపు అడుగు వేశాడు.

ఆర్లన్ కుడిచెయ్యి లేచింది. "స్ట్రైక్ త్రీ."

బ్యాటర్ నమ్మలేనట్టు చూశాడు. హార్మన్ డగౌట్‌లోంచి బర్డెట్ ఒక్క గంతులో మెట్టెక్కి, టోపీ నేలకేసి కొట్టాడు. "అది ఎక్కడుందో నీకు తెలుసు ఆర్లన్. నా కళ్ళలోకి చూసి చెప్పు." ఆర్లన్ వాడి టోపీ వైపు చూసి చెప్పాడు, ఆట సాగించమని. గార్వీ ముసుగు తీసి, పోతూ పోతూ మర్యాదగా తల వంచాడు.

ఆదివారం చేసింది బొటనవేలు. దాన్ని తిట్టుకోవచ్చు. ఇప్పుడు చేసింది ఆర్లన్ ప్రూయిట్, నిండు తెలివితో, ఒక క్యాచర్ ఎక్కడ నోరు తెరుస్తాడోనని. ప్లేటు తుడవడానికి ముందుకెళ్ళాడు. అంపైర్ ఎప్పుడూ జనానికి వెనకభాగం చూపించకుండా, ముఖం వాళ్ళ వైపు పెట్టి వంగాలి, అది మర్యాద. వంగి బ్రష్‌తో తుడుస్తుంటే మూడువేల ముఖాలూ తననే చూస్తున్నట్టనిపించింది. తలెత్తితే, హార్మన్ బెంచీ చివర ఎలిజియో, ఆగస్టు ఎండలో జాకెట్ వేసుకుని, జిప్పు మెడదాకా లాక్కుని కూర్చున్నాడు. వాడు తనని చూడటం లేదు. కాళ్ళ దగ్గర సంచీ కట్టేసి ఉంది. ఆ సంచీ ఎవరూ విప్పమనలేదు.

మిగిలిన మూడు ఇన్నింగ్స్ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. గార్వీ రెండుసార్లు గొణిగాడు. మూడోసారి గొణగబోతే, "నోరు మూసుకుని బంతి పట్టు," అన్నాడు ఆర్లన్. అప్పటికే ఆలస్యమైందని ఇద్దరికీ తెలుసు. ఆ ఆరో ఇన్నింగ్స్‌తోనే హార్మన్ ఓడింది.

గదిలో కాళ్ళకు కట్టిన కవచాలు విప్పుకుంటుంటే హాలక్ లోపలికి వచ్చాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. డెనీ సంచీ తీసుకుని, కారు దగ్గరుంటానని బయటికి పోయాడు.

"ఆరో ఇన్నింగ్స్‌లో బయటి బంతి ఒకటి స్ట్రైక్ ఇచ్చావు," అన్నాడు హాలక్. "అందరం ఇస్తాం. దాని తర్వాత గట్టిగా నిలబడ్డావు, అది నాకు నచ్చింది. ఆదివారం ఆటకి కూడా మంచి మాటలు విన్నాను. ఒత్తిడిలో ఆ ఆఖరి పిలుపు." నోటుపుస్తకం తెరిచాడు. "పైన టెక్సస్ లీగ్‌లో ఒకడికి మోకాలు పోయింది. శుక్రవారానికి అక్కడ ఉండగలవా?"

తొమ్మిదేళ్ళుగా ఆ ప్రశ్నకి ఎలా జవాబు చెప్పాలో కారు అద్దంలో చూసుకుని సాధన చేశాడు ఆర్లన్. ఉండగలను సార్. రెండు మాటలు. వాటికి బదులు వేరేవి వచ్చాయి.

"ఆదివారం ఆఖరి బ్యాటర్‌కి పడింది రెండు స్ట్రైకులే సార్. నేను చక్రం తప్పు తిప్పాను. ఇవాళ ఆరో ఇన్నింగ్స్‌ది కూడా, పొరపాటు కాదు. ఆ సంగతి బయటపెడతారని భయపడి ఇచ్చాను."

హాలక్ కలం మూసేశాడు. కిటికీ బయట హార్మన్ వాళ్ళ బస్సు ఇంజన్ వేసి పెట్టారు.

"ఇంకెవరికి చెప్పావు?"

"లీగ్‌వాళ్ళకి ఎవరికీ చెప్పలేదు."

"అయితే చెప్పకు. రికార్డు ఎలాగూ మారదు, తర్వాత బంతి పడ్డాకో ఆట అయిపోయాకో అంపైర్ లెక్కే లెక్క. లెక్క తప్పినవాళ్ళు నాకు తెలిసి నలుగురున్నారు, ఇద్దరు ఇవాళ పెద్ద లీగ్‌లో ఉన్నారు. ఆరో ఇన్నింగ్స్ సంగతి వేరు, దానికి నిన్ను నాలుగు తిట్టాలి, తిడతాను." ముఖం మీద చెమట తుడుచుకున్నాడు. "నాకు అర్థంకానిది ఒకటే. ఆ బ్యాటర్ ఏం చేశాడు? లెక్క తెలియని బ్యాటర్ ఉండడు. రెండింటికి నోరు మూసుకుని పోయాడంటే, వాడికి ఆ కుర్రాడి బంతంటే దడ పుట్టి ఉండాలి. దవడ పగిలినవాడు కదా? బర్డెట్ కూడా అదే అంటున్నాడు. వాడు పారిపోయాడు ఆర్లన్. నీ తప్పులో సగం వాడిది."

సగం. ఎంత తేలిగ్గా పంచాడు. తల ఊపితే చాలు, శుక్రవారం టెక్సస్. మాట్లాడకపోయినా చాలు.

"అడిగాడు సార్," అన్నాడు ఆర్లన్.

"ఏంటి?"

"వెనక్కి తిరిగి నన్ను అడిగాడు. రెండే అన్నాడు. నేను పొమ్మన్నాను."

హాలక్ స్టూలు ముందుకి జరుపుకున్నాడు. "జనం గోలలో వినపడలేదంటావా?"

దారి తెరిచి పెట్టాడు పెద్దాయన. పాపం మంచివాడే. ఆర్లన్‌కి సిగ్గుతో ముఖం మెడ దాకా ఎర్రబడింది, మూడు రోజుల్లో నోరు తెరవకుండానే ఇన్ని అబద్ధాలు ఆడినవాడు ఇప్పుడు నోటితో ఆడుతున్నందుకు.

"వినపడింది. విని, పొమ్మన్నాను. జనం అప్పటికే లేచి ఉన్నారు. వెనక్కి తీసుకోవాలనిపించలేదు."

"లెక్క తప్పడం ఒకటి. బ్యాటర్ చెబుతుంటే విని, పొమ్మనడం వేరు. అది నేను దాచలేను. అది రాస్తే నీకు టెక్సస్ లేదు, వచ్చే ఏడాది ఇదీ లేదు. తెలుసా నీకు?"

"తెలుసు. రాయండి సార్. ఒక కాపీ బర్డెట్‌కి ఇవ్వండి. బస్సు కదలకముందే."

హాలక్ కలం మళ్ళీ తెరిచాడు. తేదీ రాశాడు, ఊరి పేరు రాశాడు. బ్యాటర్ పూర్తి పేరు అడిగాడు. ఎలిజియో పావ్లినో, అన్నాడు ఆర్లన్, అక్షరం అక్షరం చెప్పాడు. ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

"ఏమన్నాడో అతని మాటల్లోనే కావాలి," అన్నాడు హాలక్. "రూలు ప్రకారం."

ఆర్లన్ బెంచీ మీద చేతులు ఆనించి, నేల వైపు చూస్తూ కాస్త ఆలోచించాడు.

"'బ్లూ, నాకింకా ఒక బంతి ఉంది' అన్నాడు," అని చెప్పాడు. "రెండుసార్లు అన్నాడు."

హాలక్ రాసుకున్నాడు.